ఇన్‌స్పెక్టరు కంచె అవతలికి

పోయిన వారం కథ ఆపి మనం ఆ ఇంటి నుంచి బయటికి వచ్చేసరికి మెత్తమ్మ మెడ మీద మళ్ళీ రక్తం కనిపించింది. మెత్తమ్మ అంటే మనిషి కాదు, ఆ పెరట్లో తిరిగే తొమ్మిది బాతుల్లో అన్నిటికంటే చిన్నది, నోట్లో నాలుక లేనిది. దాని మెడ వెనక ఈకలు ఊడిపోవడం మొదలైనప్పుడే ఇంటికి పెద్ద అయిన బావగారు, ఇది పక్కింటి కుక్క పనే అని తేల్చేశారు. పక్కింటి వయొలిన్ టీచరుతో గోడ మీదుగా మాటా మాటా పెరిగింది. ఆవిడ చివరికి విసిగిపోయి కుక్కని తన చెల్లెలి ఇంటికి పంపేసింది. పీడ విరగడైందని బావగారు రెండు పూటలా తృప్తిగా భోంచేశారు. అంతలో ఇవాళ పొద్దున, బాతుల గూటి తలుపు తీసిన మరదలికి మెత్తమ్మ కుంటుకుంటూ ఎదురొచ్చింది. మెడ మీద పచ్చి గాయం.

కుక్క లేదు. గాయం మాత్రం ఉంది.

మరదలు ఆ సంగతి వెంటనే ఎవరికీ చెప్పలేదు. ఆమె బావగారి తమ్ముడి భార్య. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. ఏ గుడ్డనైనా కత్తెర పెట్టేముందు రెండు వైపులా తిప్పి చూడటం ఆమెకి అలవాటు. అలాగే ఈ సంగతినీ ఒకసారి తిరగేసి చూద్దామనుకుంది. మిషనుని ముందు గదిలోంచి ఈడ్చుకొచ్చి, వెనక వరండాలో పెరటి వైపు తిప్పి వేసుకుంది.

లిఫ్టుల మెకానిక్కుగా పనిచేసే తమ్ముడు డ్యూటీకి బయల్దేరుతూ ఆగాడు.

"ఏంటి, దుకాణం మార్చేశావు? బాతులు కూడా జాకెట్లు కుట్టించుకుంటాయా?"

"ముందు గదిలో ఉక్కగా ఉంది," అంది ఆమె, దారం సూదిలోకి ఎక్కిస్తూ.

పెరడు పెద్దదేం కాదు. మూడు వైపులా గోడ, ఒక మూల నిమ్మచెట్టు, మధ్యలో బట్టలారేసే తీగ. పాత తలుపు చెక్కలతో బావగారు కట్టిన గూడు గోడకి ఆనుకుని ఉంటుంది. దాని ముందు నేలలోకి దించి కట్టిన, స్నానాలతొట్టి అంత సిమెంటు తొట్టి. నాలుగు మగ బాతులు, అయిదు ఆడ బాతులు. మగవాటికి తోక మీద ఉంగరం తిరిగిన ఈక ఉంటుంది, గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా ఉంటుంది. ఆడవి మాత్రం పెరడు దద్దరిల్లేలా అరుస్తాయి. ఇంతకాలం ఆమెకి తెలిసింది అంతే. గుడ్లు ఏరుకోవడం, తొట్టి కడగడం, మేత వెయ్యడం తప్ప, వాటిని ఊరికే చూస్తూ కూర్చున్న పూట ఒక్కటీ లేదు.

ఇవాళ చూసింది. చూస్తూ చూస్తూ ఒక చేతికి బదులు రెండు చేతులూ ఒకే భుజానికి కుట్టేసి, మళ్ళీ విప్పుకుంది.

మొదట కనబడింది అల్లరిలాగే ఉంది. ఒక మగ బాతు తల పైకీ కిందకీ ఊపుతూ ఒక ఆడదాని దగ్గరికి వచ్చింది. ఆ ఆడది కూడా అలాగే తల ఊపింది. రెండూ తొట్టిలోకి దిగాయి. కాసేపటికి విడిపోయాక మగది మెడ సాచి నీళ్ళలో గిరగిరా చుట్టు తిరిగింది, ఆడది రెక్కలు విదిలించుకుని హాయిగా స్నానం చేసింది. ఇందులో తప్పేముంది అనుకుందామె.

కానీ మెత్తమ్మ విషయం వేరుగా ఉంది. అది తల ఊపలేదు. మగది దగ్గరికి రాగానే మెడ పక్కకి తిప్పి, భుజం మీదుగా ముక్కు విసురుతూ గొణిగింది. వద్దు అనడానికి అంతకంటే స్పష్టమైన పద్ధతి మనుషుల్లో కూడా లేదనిపించింది ఆమెకి. అయినా ఆ మగది ఆగలేదు. మెత్తమ్మ పరిగెత్తింది. దాన్ని చూసి ఇంకొకటి వెంటపడింది, ఆ రెంటినీ చూసి మూడోది. నిమ్మచెట్టు దగ్గర మూల చూసి మూడూ దాని మీద పడ్డాయి. ఒకటి మెడ వెనక ఈకలు ముక్కుతో బిగించి పట్టుకుంది.

ఆమె కుట్టే గౌను కింద పడేసి పరిగెత్తుకెళ్ళి చీపురుతో అదిలించింది. విడిపోయిన వాటిలో మెడ పట్టుకున్నది ఎవరో చూసి అక్కడే నిలబడిపోయింది. తెల్లటి ఒళ్ళు, పచ్చటి ముక్కు, పోలీసు అధికారిలా ఛాతీ ముందుకి పెట్టి నడిచే నడక. అది ఇన్‌స్పెక్టరు, బావగారి ప్రాణం.

*

పశువుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని, బట్టల బుట్టలోంచి మెత్తమ్మని తీసి, ఒక చేత్తో రెక్కలు మూసి పట్టుకుని రెండో చేత్తో మెడ మీది ఈకలు విడదీసింది.

"కుక్క అన్నారా?"

"మా బావగారు అన్నారు."

"కుక్క పట్టుకుంటే పంటి గాట్లు ఉంటాయి. ఇవి పీకిన ఈకలు. మీ దగ్గర మగవి ఎన్ని ఉన్నాయి?"

ఆమె చెప్పింది. డాక్టరమ్మ పెదవి విరిచింది.

"ఒక మగదానికి నాలుగైదు ఆడవి ఉండాలి. మీ ఇంట్లో దాదాపు ఒకదానికి ఒకటి."

"జంటకి జంట ఉంటే మంచిదే కదండీ?"

"మనుషుల్లో మంచిదే. ఇవి ఆ లెక్కన పంచుకోవు. మగవన్నీ కలిసి మెత్తగా ఉన్న ఒకదాన్ని పట్టుకుంటాయి. ఇప్పుడు పగళ్ళు పొడుగవుతున్నాయి కదా, ఈ కాలంలో వాటికి తిండి మీద కూడా ధ్యాస ఉండదు."

"తిడితే మానవా? పొద్దున చీపురుతో అదిలిస్తే విడిపోయాయి."

"అదిలిస్తే మీరున్నంతసేపు మానతాయి. వాటికది తప్పని తెలీదు, మీరు నేర్పలేరు కూడా. చెడ్డవేం కాదు. ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి, అంతే." డాక్టరమ్మ గాయం తుడుస్తూ అడిగింది, "నీళ్ళతొట్టి ఏపాటిది?"

ఆమె చేతులు చాపి చూపించింది.

"అక్కడ జాగ్రత్త. ఇరుకు తొట్టిలో రెండు మూడు కలిసి మీద ఎక్కితే కింద ఉన్నది తల ఎత్తలేదు. అలా పోయిన వాటిని నా దగ్గరికి తెచ్చారు."

"బాతు నీళ్ళలో మునిగి చచ్చిపోతుందా?" అంది ఆమె, తను సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు.

"ఊపిరి తీసుకునేది ఏదైనా చచ్చిపోతుంది."

తిరిగొచ్చే దారంతా ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ చెప్పినవన్నీ మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. మగవాటికి వేరే దడి కట్టాలి. ఆడవి కంటికి కనబడకపోతే మగవి తమలో తాము కొట్టుకోవు. మెత్తమ్మని మానేదాకా విడిగా ఉంచాలి, కానీ ఒంటరిగా కాదు, తోడు లేకపోతే బాతు బెంగపెట్టుకుంటుంది. గుడ్ల గురించి దిగులే లేదు, మగది పక్కన లేకపోయినా గుడ్లు పెడతాయి. వీపుకి గుడ్డ తొడిగేవాళ్ళు కూడా ఉన్నారట, గోళ్ళు గీరుకోకుండా కొంత కాపాడుతుంది గానీ అసలు తగువు తీర్చదట.

అంతా అర్థమైంది. అర్థం కానిదొక్కటే, ఈ సంగతి బావగారి ముందు ఏ మాటలతో మొదలుపెట్టాలి? పెళ్ళై ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయనతో టీ గురించీ కరెంటు బిల్లు గురించీ తప్ప మాట్లాడింది లేదు. ఇప్పుడు పోయి మీ మగ బాతులు ఆడ బాతుల్ని ఇలా చేస్తున్నాయని చెప్పాలి. 'ఇలా' అన్న చోట ఏ మాట పెట్టినా నోరు రావడం లేదు.

అందుకే ముందు గుడ్డ పని పెట్టుకుంది. అది తనకి వచ్చిన పని. పాత వానకోటు చీరి, మెత్తమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని టేపుతో కొలతలు తీసింది. బాతుకి ఛాతీ ఎక్కడ మొదలవుతుందో, నడుం ఎక్కడుందో తెలియక నవ్వొచ్చింది. రెక్కల కింద నుంచి రెండు పట్టీలు, మెడ దగ్గర మెత్తటి అంచు. తొడిగి కింద వదిలితే మెత్తమ్మ ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అలా వెనక్కి వెనక్కి నడిచి, పెరటి గుమ్మంలోకి అప్పుడే వచ్చిన బావగారి బూట్లకి తగిలి ఆగింది.

*

బావగారు పొడుగ్గా ఉంటారు. రైళ్ళలో గార్డుగా చేసినన్నాళ్ళూ మెడలో వేలాడిన ఈల ఇప్పటికీ మెడలోనే ఉంది. అది ఊదితే బాతులన్నీ బారులు తీరి మేతకి వస్తాయి. భార్య పోయాక ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా వెనక గదిలో ఉండిపోయిన రోజుల్లో, పాడైన అద్దం తలుపు ఫ్రిజ్జులో బల్బు పెట్టి గుడ్లు పొదిగించారు. పగలంతా దాని అద్దంలోంచి చూస్తూ కూర్చునేవారు. చిట్టచివరి గుడ్డు పగలక సగంలో ఆగిపోతే గోటితో పెంకు తీసి బయటికి లాగారు. అది ఆరి నిలబడేదాకా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. అదే ఇన్‌స్పెక్టరు. ఆ పిల్ల జేబులోంచి తల బయటపెట్టిన పూటే, చాలా కాలానికి, ఆయన భోజనాల బల్ల దగ్గర నవ్వారు. ఆ నవ్వు మరదలికి గుర్తుంది. నోరు రాకపోవడానికి అదీ ఒక కారణం.

"దీనికీ వేషం ఏమిటమ్మా?" అన్నారు ఆయన కిందికి చూస్తూ.

"దాని వీపు గీరుకుపోయింది బావగారూ. మెడ మీద మళ్ళీ గాయమైంది. డాక్టరమ్మకి చూపించుకొచ్చాను."

ఆయన ముఖం మారింది. "కుక్క మళ్ళీ వచ్చిందా? చెల్లెలింటికి పంపానని అబద్ధం చెప్పిందన్నమాట ఆవిడ."

"కుక్క రాలేదు. మీరిలా కాసేపు కూర్చోండి."

వరండాలో కుర్చీ వేసింది. ఆయన కూర్చున్నారు గానీ ఆమె వైపు అనుమానంగా చూస్తూనే ఉన్నారు. పెరట్లో ఇన్‌స్పెక్టరూ, కవలల్లా ఒక్కలాగే ఉండే ఇంకో రెండు మగవీ, గయ్యాళి అని పేరు పడిన పెద్ద ఆడ బాతు చుట్టూ తిరుగుతున్నాయి. గయ్యాళి ఒక్క అరుపు అరిచి కవలల్లో ఒకదాన్ని పొడిచింది. మూడూ తప్పుకున్నాయి. నేరుగా ఇంకో ఆడ బాతు బొద్దమ్మ మీదికి వెళ్ళాయి. బొద్దమ్మ గూటి వెనక సందులోకి దూరింది.

"చూశారా," అంది మరదలు.

"ఆడుకుంటున్నాయి."

"అది ఆట కాదు బావగారూ."

ఆయన గొంతు సవరించుకుని నిమ్మచెట్టు వైపు చూశారు. "మగా ఆడా అన్నాక, అదీ... ఉంటుంది కదమ్మా."

"ఇష్టం ఉన్నదానితో ఉంటే ఉండనివ్వండి. పొద్దున నేను చూశాను, ఇష్టపడి కలిసేవీ ఉన్నాయి." చెప్పడం మొదలుపెట్టాక ఆమెకి సిగ్గు పోయింది. "మెత్తమ్మది అది కాదు. ముగ్గురు తరుముతారు, ఒకడు మెడ పట్టుకుంటాడు. దాన్ని వేధింపు అంటారు. ఇన్నాళ్ళూ కుక్క మీద పెట్టిన గాయాలన్నీ వీళ్ళవే."

"వీళ్ళంటే?"

ఆమె పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆయన చెయ్యి దానంతటదే మెడలో ఈల మీదికి వెళ్ళింది.

"డాక్టరేమంది?"

"మగవాటిని విడిగా పెట్టమంది. గోడ పక్కన వల వేసి దడి కట్టుకుంటే చాలు. లోపలే తిండీ, నీళ్ళూ. ఎక్కడికీ పంపక్కర్లేదు, ఎవరికీ ఇవ్వక్కర్లేదు."

బావగారు ఈలని వేళ్ళ మధ్య తిప్పారు. తరవాత ఆయన గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతులా వచ్చింది.

"అంతేనమ్మా. జత లేని మగాడు ఇంట్లో ఉంటే అందరికీ ఇబ్బందే. వెనక ఎక్కడో ఒక వల కట్టి, తిండీ నీళ్ళూ అక్కడే పెట్టేస్తే సరిపోతుంది. ఎవరికీ అడ్డం ఉండడు."

 ఆయన బాతుల గురించి మాట్లాడటం లేదని మొదటి మాటకే మరదలికి తెలిసింది. వెనక గది, తలుపు దగ్గర పెట్టి వచ్చే టీ కప్పు, పిల్లలకి పరీక్షలని రేడియో తగ్గించమన్న పూట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మేమెప్పుడు అలా అనుకున్నాం బావగారూ అనబోయింది. ఆ మాట నోట్లో ఉండగానే తొట్టి వైపు నీళ్ళు చిందిన చప్పుడైంది.

మాటల్లో పడి ఇద్దరూ మెత్తమ్మని మరిచిపోయారు. అది వెనక్కి నడుచుకుంటూ తొట్టి అంచు దాటి లోపల పడింది. పడ్డదాన్ని చూసి మూడు మగవీ దూకాయి. నీళ్ళ మీద రెక్కలు, తోకలు, తెల్లటి వీపులు కనబడుతున్నాయి. వానకోటు గుడ్డ ఒక్కసారి తేలి మునిగింది. మెత్తమ్మ తల ఎక్కడా లేదు.

బావగారు బూట్లతోనే తొట్టిలోకి దిగిపోయారు. కవలల్ని చెరో వైపు విసిరేశారు. ఇన్‌స్పెక్టరు వదల్లేదు. రెండు చేతులా దాని ఒళ్ళు పట్టుకుని లాగితే కింద మెత్తమ్మ కూడా వేలాడుతూ పైకి వచ్చింది, మెడ దాని ముక్కులోనే ఉంది. ఆయన బొటనవేలు దాని ముక్కు సందులో పెట్టి విడదీయాల్సొచ్చింది. మరదలు మెత్తమ్మని అందుకుని పట్టీలు తెంపేసి తలకిందులుగా పట్టుకుంది. నీళ్ళు కారాయి. ఒళ్ళు గుడ్డ ముక్కలా వేలాడుతోంది. ఆమె వీపు మీద అరచేత్తో రాస్తూ, దాని పేరు పిలుస్తూ, అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు. చివరికి చిన్న తుమ్ములాంటి చప్పుడు వినిపించింది. తరవాత ఇంకొకటి. కాలి వేళ్ళు ముడుచుకుని తెరుచుకున్నాయి.

బావగారు మోకాళ్ళ లోతు నీళ్ళలోనే నిలబడి ఉన్నారు. చంకలో ఇన్‌స్పెక్టరు ఏమీ ఎరగనట్టు ఆయన చొక్కా గుండీని ముక్కుతో పొడుస్తోంది. దాని ముక్కు అంచున మెత్తమ్మ ఈకలు మూడు నాలుగు తడిగా అంటుకుని ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే తీసి చూశారు.

"వల ఎంత పొడవు కావాలన్నావు?" అన్నారు.

*

వల కొనడానికి బావగారు మర్నాడు పొద్దున్నే ఒక్కరే వెళ్ళారు. తడిసిన బూట్లు ఎండలో పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరారు. ఆయన తిరిగొచ్చేసరికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న తమ్ముడు గుంజలన్నీ పాతి, ఎదురు చూసి చూసి విసిగిపోయి కూర్చున్నాడు.

"వల కొనడానికెళ్ళావా అన్నయ్యా, అల్లించడానికెళ్ళావా?"

"బేరం కుదరలేదు," అన్నారు బావగారు, వల చుట్ట భుజం మీంచి దించుతూ.

అన్నదమ్ములిద్దరూ కలిసి పని చెయ్యడం చూసి చాలా రోజులైంది. ఒకరు వల బిగించి లాగితే ఇంకొకరు మేకు కొట్టారు. మరదలు పాత కర్టెన్లు కలిపి కుట్టి, మగవాటికి ఆడవి కనబడకుండా దడి పొడుగునా వేలాడదీసింది. లోపలికి నాలుగింటినీ మోసుకెళ్ళింది బావగారే. ఇన్‌స్పెక్టరుని చివరికి పెట్టారు. దించాక కూడా కొంతసేపు దాని వీపు మీద చెయ్యి తియ్యలేదు.

ఆ పూటంతా మగవి దడి వెంట అటూ ఇటూ తిరుగుతూ బొంగురు గొంతులతో ఏదో గొణిగాయి. ఒకదాని మీద ఒకటి పడి పొడుచుకుంటాయేమోనని బావగారు కుర్చీ అక్కడే వేసుకుని కాపలా కూర్చున్నారు. ఎండ తగ్గేసరికి గొణుగుడు ఆగిపోయింది. నాలుగూ ఒకే గడ్డి కుప్ప మీద చేరాయి. ఇన్‌స్పెక్టరు తల కవలల్లో ఒకదాని వీపు మీద వాల్చి కళ్ళు మూసుకుంది.

"కొట్టుకుంటారనుకున్నాను," అన్నారు బావగారు, నమ్మలేనట్టు.

"ఎవరి కోసం కొట్టుకుంటారు," అంది మరదలు.

కర్టెన్ కి ఇవతల బొద్దమ్మ గూటి వెనక సందులోంచి మెడ చాపి, ఇటు చూసి, అటు చూసి, బయటికొచ్చింది. తొట్టిలో దిగి, ఎవరూ తరమకుండా, ఎంతసేపు స్నానం చేసిందో. తమ్ముడు పని మానేసి కళ్ళప్పగించి చూశాడు. తరవాత దాన్ని ఎత్తుకొచ్చి, వరండాలో బట్టల బుట్టలో పడుకున్న మెత్తమ్మ పక్కన తోడుగా పెట్టారు. మెత్తమ్మ మెడ తిప్పి దాని రెక్క కింద ముక్కు దాచుకుంది. ఉతికి తీగ మీద ఆరేసిన చిన్న వానకోటు గాలికి ఊగుతుంటే, అంత శ్రద్ధగా తనకెప్పుడూ ఏమీ కుట్టలేదని తమ్ముడు నిష్ఠూరమాడాడు. బావగారు నవ్వారు.

ఆ నవ్వు చూసి మరదలు ధైర్యం చేసింది. టీ ఆయన గది తలుపు దగ్గర పెట్టకుండా కుర్చీ దగ్గరికే తెచ్చి, తనూ మెట్టు మీద కూర్చుంది.

"నిన్న మీరన్నది నేను మరిచిపోలేదు బావగారూ. ఈ ఇంట్లో మీరు ఎవరికీ అడ్డం కాదు. ఇంకెప్పుడూ అలా అనకండి."

ఆయన ఒక గుక్క తాగి కప్పులోకి చూశారు. "నాకు తెలుసమ్మా," అన్నారు నెమ్మదిగా. "కోపంలో అన్నాను. నువ్వు మనసులో పెట్టుకోకు." ఇంకేదో చెప్పబోయినట్టు తల ఎత్తి, తమ్ముడు సుత్తి పట్టుకుని ఇటు రావడం చూసి, టీ బాగుందని చెప్పి ఊరుకున్నారు.

మరదలి గుండె తేలికపడింది. ఇక మిగిలింది ఒక్కటే పని. చెయ్యని తప్పుకి ఇల్లు వదిలి వెళ్ళిన కుక్క ఒకటుంది. దాన్ని పెంచుకున్నావిడ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళి క్షమించమని అడగాలి. బావగారికి ముఖం చెల్లదు కదా అనుకుని, చీకటి పడకముందే తనే గోడ చుట్టి పక్కింటి తలుపు తట్టింది.

వయొలిన్ టీచరు వేలి కొసలకి అంటిన, కమానుకి రాసే పొడి తుడుచుకుంటూ తలుపు తీసింది. గదిలో రెండు కుర్చీలు, ఎత్తుగా నిలబడ్డ కాగితాల స్టాండు, కిటికీ కింద ఖాళీ గిన్నె. తలుపు వెనక కొక్కేనికి కుక్క మెడపట్టీ అలాగే వేలాడుతోంది. దాన్ని చూసేసరికి మరదలు సిద్ధం చేసుకున్న మాటలన్నీ తారుమారయ్యాయి.

"మీ కుక్క ఏమీ చెయ్యలేదండీ," అంది నిలబడే. "మా బాతులే. మా మగ బాతులు. మేం అనవసరంగా దాన్ని ఆడిపోసుకున్నాం. దయచేసి ఇంటికి తెచ్చేసుకోండి."

టీచరు తల ఊపింది. "రేపు తెచ్చుకుంటున్నాను. కూర్చోండి. ఇదంతా మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు. పొద్దున మీ బావగారు వచ్చి చెప్పారు."

"మా బావగారా?"

"భుజం మీద వల చుట్ట పెట్టుకుని వచ్చారు. ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే నిలబడి, తప్పు నాదే అన్నారు. అంత పెద్దమనిషి అలా అంటే నాకే కష్టమనిపించింది. టీ ఇచ్చాను. చాలాసేపు మాట్లాడారు."

మరదలికి ఆశ్చర్యం వేసింది, ఆ వెంటనే సంతోషమూ వేసింది. ముఖం చెల్లదనుకున్న మనిషి తనకంటే ముందే వచ్చి వెళ్ళారు. అందుకా వల ఆలస్యమైంది. నవ్వుకుంటూ కుర్చీలో కూర్చుంది.

"అయితే మీరు గది సంగతి మాట్లాడటానికి రాలేదా?" అంది టీచరు.

"ఏ గది?"

టీచరు ఆమె ముఖంలోకి చూసి, అనకూడనిది అనేశానా అన్నట్టు ఒక్క క్షణం తటపటాయించింది.

"మా మేడ మీది గది. ఖాళీగా ఉంది కదా, అద్దెకిస్తారా అని అడిగారు మీ బావగారు. మీకు తెలుసనుకున్నాను."

చేతిలో కొంగు చివర నలిగిపోతుండగా మరదలు మెల్లిగా అంది, "ఆయన నిన్న కోపంలో ఏదో అన్నారు. ఆ కోపం మీదే అడిగి ఉంటారు. ఇవాళ మామూలైపోయారు. ఒంటరిగా ఈ మేడ మీద ఎలా ఉంటారు?"

"ఒంటరిగా కాదండీ. గది ఇద్దరికి సరిపోతుందా అని అడిగారు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. నవ్వు కూడా వచ్చింది. "ఇన్‌స్పెక్టరు. ఆ మగ బాతు అంటే ఆయనకి ప్రాణం. దాన్ని దడిలో పెట్టాల్సొచ్చిందని ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నారు."

"నేనూ మొదట అలాగే అనుకున్నాను," అంది టీచరు. "బాతులైతే కుదరదండీ, కింద పిల్లలకి పాఠాలు చెప్పుకోవాలి అన్నాను. ఆయన పెద్దగా నవ్వేశారు. బాతులు అక్కడే ఉంటాయి, రోజూ వెళ్ళి చూసుకుంటాను అన్నారు. తరవాత పైకి వెళ్ళి, తలుపు పక్క గోడ జానలతో కొలిచి, ఇక్కడ నిలువుటద్దం బిగించుకోవచ్చా అని అడిగారు."

"నిలువుటద్దమా? ఆయన గడ్డం కూడా అరచేతంత అద్దంలో చూసుకునే గీసుకుంటారు."

"ఆయనకి కాదుట," అంది టీచరు. "ఆయనతో ఉండబోయే ఆవిడకిట."